ఇగ్వానా అయితే ముద్దు, పొట్టేలైతే కంపు

మా టవర్ పదకొండో అంతస్తులో ఒక ఇగ్వానా ఉంది. మా ప్రహరీ గోడ అవతలి బస్తీలో ఒక పొట్టేలు ఉంది. రెండిళ్ళలోనూ డబ్బులు తీసుకుని పసిపిల్లల్ని చూసుకుంటారు. పోయినేడాది మా అమ్మాయికి పద్నాలుగో నెల వచ్చి, నా సెలవులన్నీ (జీతం ఉన్నవీ, లేనివీ, జ్వరమని అబద్ధం చెప్పి పెట్టినవీ) అయిపోయాక, ఈ రెండిళ్ళలో ఒకటి తేల్చుకోవాల్సి వచ్చింది. నేను పొట్టేలు ఇంటికి ఓటేశాను. అప్పట్నుంచి లిఫ్టులో, పార్కు బెంచీ మీద, పుట్టినరోజు కేకుల దగ్గర నన్ను అడగనివాళ్ళు లేరు. "అక్కడ పొట్టేలుందట కదా?" ఇగ్వానా ఇంటికి పిల్లల్ని పంపే తల్లుల్నీ ఎవరైనా అడుగుతారు, కానీ ఆ గొంతు వేరు. "వావ్, నిజంగానా! మా వాడికీ చూపిస్తారా?" అనే గొంతు అది.

ఈ రెండు గొంతుల మీదే నా కోపం.

జంతుప్రేమ పాఠం చెప్పబోవడం లేదు. జంతువుల మధ్య పెరిగితే పిల్లలకు మనసు విశాలమవుతుంది అనే వాదన నాకు ఎక్కదు. తెనాలిలో మా అమ్మ బడికి పాఠాలు చెప్పడానికి వెళ్తూ నన్ను పక్కింటి మామ్మగారి దగ్గర వదిలేది. ఆవిడ పెరట్లో ఒక టర్కీ కోడి ఉండేది. మెడ కింద ఎర్రటి తోలు ఊపుకుంటూ వెంటపడేది. దానివల్ల నా మనసేమీ విశాలం కాలేదు, ఆరేళ్ళొచ్చేదాకా పెరటి వైపు వెళ్ళాలంటే ఏడ్చేదాన్ని. పిల్లని వదిలే ఇంట్లో ఏ జంతువుందో, అది పిల్లకి ఎంత దూరంలో ఉంటుందో అడగాల్సిందే. నా గొడవ ప్రశ్నతో కాదు, దాన్ని ఎవర్ని అడుగుతున్నాం, ఎవర్ని చూసి మింగేస్తున్నాం అన్నదానితో.

ఇగ్వానా ఇంటికి ముందు వెళ్ళాం. ఆవిడ నాలాంటిదే. రెండో కాన్పు తర్వాత పిల్లల్ని చూసేవాళ్ళు దొరక్క సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి, ఇంట్లోనే ఇది మొదలుపెట్టింది. మంచి మనిషి, పిల్లలంటే నిజంగా ప్రేమ. నేలంతా మెత్తటి చాపలు, గోడల మీద రంగురంగుల అక్షరాలు, మూడు కెమెరాలు. ఏడుగురు పిల్లలు, సాయానికి ఒక ఆయా. హాలు మూలన మనిషెత్తు గాజు పెట్టె, అందులో దీపం వెచ్చదనం కింద తోకతో కలిపి మూడడుగుల పచ్చటి ఇగ్వానా. శుక్రవారం శుక్రవారం దాన్ని బయటికి తీసి పిల్లల ఒళ్ళో పెడుతుందట. "భయం పోతుందండీ, బాధ్యత తెలుస్తుంది" అంది. తర్వాత చేతులు సబ్బుతో కడిగిస్తారా అంటే "శానిటైజర్ ఉంది కదా" అంది. పెట్టె ఎక్కడ కడుగుతారని అడిగితే వంటింటి సింకు వైపు చూసింది. ఇగ్వానాను రిజిస్టర్ చేయించారా అంటే నవ్వేసింది. నెలకు 16,000.

ఆవిడ నవ్వింది కానీ అది నవ్వే సంగతి కాదు. ఇగ్వానా అంతర్జాతీయ వ్యాపారం మీద ఆంక్షలున్న సైటిస్ జాబితాలోని జీవి. 2022లో మన వన్యప్రాణి చట్టాన్ని సవరించాక అలాంటి విదేశీ జీవుల్ని ఇంట్లో ఉంచుకునేవాళ్ళు వాటి వివరాలు ప్రభుత్వానికిచ్చి నమోదు చేయించుకోవాలి. సరే, కాగితాలు వదిలేద్దాం. బల్లులు, తాబేళ్ళు, పాముల పేగుల్లో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా వాటికి ఏ జబ్బూ చేయకుండా హాయిగా ఉంటుంది. రెట్టతో పాటు బయటికొచ్చి వాటి ఒంటికి, పెట్టెకి, పెట్టె కడిగిన నీళ్ళకి అంటుకుంటుంది. పెద్దవాళ్ళకి వస్తే నాలుగు రోజుల విరేచనాలు. పసివాళ్ళకి వస్తే ఒక్కోసారి రక్తంలోకి ఎక్కుతుంది. అందుకే ఐదేళ్ళలోపు పిల్లలున్న ఇళ్ళలో, పిల్లల్ని చూసుకునే చోట్లలో ఈ జాతి జంతువులు వద్దని అమెరికా సీడీసీ చెబుతుంది. డొప్ప నాలుగంగుళాల లోపున్న తాబేళ్ళ అమ్మకాన్ని ఆ దేశం 1975లోనే ఆపేసింది. కారణం, పిల్లలు వాటిని నోట్లో పెట్టుకోవడం. మన అక్వేరియం షాపుల్లో వాస్తుకు మంచిదని గాజు గిన్నెలో పెట్టి అమ్మే ఎర్రచెవుల తాబేలు పిల్లలు సరిగ్గా ఆ సైజువే.

మధ్యలో ఇంకో ఇల్లు కూడా చూశాం. రిటైరైన టీచరుగారు, పంజరంలో రామచిలక. "ఇంట్లో చిలక పలుకుతుంటే పిల్లకి మాటలు తొందరగా వస్తాయి" అని మా అత్తగారు ముచ్చటపడ్డారు. రామచిలకను పంజరంలో పెట్టడం వన్యప్రాణి చట్టం కింద నేరమని ఆవిడకు చెప్పి లాభం లేదు. పూర్వజన్మలో చిలకను పన్నెండేళ్ళు బంధించినందుకే రామదాసు గోల్కొండ చెరలో పన్నెండేళ్ళు మగ్గాడని కథ చెప్పుకునే ఊళ్ళోనే ఉంటున్నాం, అయినా వీధికో పంజరం. టీచరుగారికి మధ్యాహ్నం నిద్ర తప్పదని తెలిసి మానుకున్నాం. మానుకోవడానికి చిలక కారణం కాదు, ఆ సంగతి ఒప్పుకోవాలి.

పొట్టేలు ఇంటి గురించి చెప్పింది మా ఇంట్లో పనిచేసే అమ్మాయి. తన ఇద్దరు పిల్లలూ అక్కడే పెరిగారట. మా క్లబ్‌హౌస్ వెనక గోడకు ఆనుకునే ఉంటుంది ఆ ఇల్లు. రెండు గదులు, పైన రేకులు, ముందు ఊడ్చి చల్లిన వాకిలి, పక్కన తడిక కట్టిన చిన్న దొడ్డి. ఆమెకు నలభై అయిదు దాటి ఉంటాయి. కురుమవాళ్ళు. ఇప్పుడు మా టవర్లు లేచిన చోట ఆమె మామ మంద మేసేదట. భూములు పోయాయి, మంద పోయింది, ఈ ఒక్కటి మిగిలింది. పుట్టగానే తల్లి చచ్చిపోతే పాలసీసాతో పెంచింది. నల్లటి దక్కనీ జాతి పొట్టేలు, మెలితిరిగిన కొమ్ములు, నలభై కిలోలకు తగ్గదు. పేరు చిన్నోడు.

ఇగ్వానా ఇంట్లో అడిగిన ప్రశ్నలే ఇక్కడా అడిగాను.

"పిల్లలున్నంతసేపు ఆడు దొడ్లనే ఉంటడు. వాకిట్లకు రానియ్య."

"మరి పేడా అదీ?"

"నాలుగ్గొట్టంగ లేసి ఊడుస్త. పెంటికలు గంపల నింపి నర్సరోల్లకు ఇస్త. కాల్జేతులు కడుక్కోకుంట పిల్లల్ని ముట్ట."

నట్టల మందు ఎప్పుడెప్పుడు తాపిస్తుందో చెప్పింది. చిటుకు రోగానికీ పారుడు రోగానికీ సూదులు సర్కారు దవాఖానలో వేయించానంది. గడప పక్కన బక్కెట్టు, చెంబు, సబ్బు ఉన్నాయి. మేం కూర్చున్న అరగంటలో మూడుసార్లు వాడింది. చివరగా అడిగాను.

"అక్కా, కుమ్ముతుందా?"

"కుమ్మక ముద్దు పెడ్తదా? పొట్టేలు గదమ్మా."

నేను ఆ మాట దగ్గరే పడిపోయాను. పదకొండో అంతస్తులో నాకు వినిపించినదంతా ఏమీ కాదు, ఏమీ చేయదు, చాలా ఫ్రెండ్లీ. తన జంతువు ఏం చేయగలదో తెలిసిన మనిషి ఈమె ఒక్కతే. ఆ తెలివిడి ఉన్నందుకే తడిక కట్టింది. పొట్టేలు వల్ల ముప్పు లేదని కాదు. పెంటికల్లో పసివాళ్ళకు పడని క్రిములుంటాయి, కుమ్మితే నాలాంటివాళ్ళు కూడా వెల్లకిలా పడతారు. కానీ ఆ ముప్పుకీ పిల్లకీ మధ్య ఒక తడిక, ఒక సబ్బు, ముగ్గురే పిల్లలు, ఒక జత కళ్ళు ఉన్నాయి. పైన గాజు పెట్టెలోని ముప్పును వారానికోసారి తీసి ఒళ్ళో పెడుతున్నారు.

మా వాళ్ళకు ఇదంతా విడమరచి చెప్పాను. విన్నారు. విని, అందరూ ఒకే మాట అన్నారు: హైజీన్.

హైజీన్ అంటే చేతులు కడుక్కోవడమే అయితే ఆ పందెం ఎప్పుడో తేలిపోయింది. వాళ్ళు హైజీన్ అన్నప్పుడు రేకుల కప్పు అంటున్నారు. మట్టి వాకిలి అంటున్నారు. గొర్రె వాసన అంటున్నారు. కులం మాత్రం అనడం లేదు, మా టవర్లో ఎవరికీ కులం లేదు కాబట్టి, పెళ్ళిసంబంధాల సైట్లో తప్ప. ఆరో అంతస్తు ఆంటీ ఒక్కరే కాస్త నిజాయితీగా మాట్లాడారు. "అన్నీ బాగానే ఉన్నాయమ్మా, పిల్లకి ఆ భాష వచ్చేస్తుందేమో చూసుకో." వచ్చింది కూడా. మా అమ్మాయి మాట్లాడిన మొదటి పూర్తి వాక్యం "ఆడు అన్నం తినలే." చిన్నోడు గురించి. నా తెనాలి చెవికి అది ఇంపుగానే ఉంది.

మా టవర్లో పనివాళ్ళకు వేరే లిఫ్టు. పెంపుడు కుక్కల్ని లిఫ్టులోకి రానివ్వకుండా ఆపే హక్కు అపార్టుమెంటు అసోసియేషన్లకు లేదని జంతు సంక్షేమ మండలి మార్గదర్శకాలున్నాయి. మంచిదే, కుక్కలంటే నాకు ద్వేషం లేదు. హస్కీకి ఒక కాగితం ఉంది. ఆ హస్కీని పొద్దున్నే తిప్పుకొచ్చే కుర్రాడికి ఏ కాగితం ఉంది?

ఇది చదువుతున్న వాళ్ళలో సగం మంది నాలాంటి చోట్లే ఉంటారు, నాలాంటి పుస్తకాలే చదువుతారు కాబట్టి మనలో మనం అనుకుందాం. రవీంద్రభారతిలో ఒగ్గుకథ చూసి లేచి నిలబడి చప్పట్లు కొడతాం. దక్కనీ ఉన్నితో నేసిన గొంగడిని హాలు గోడకు కళాఖండంలా వేలాడదీస్తాం, అంతరించిపోతోందని బాధపడతాం. గొల్లకురుమల జీవితం మీద కథ వస్తే పదిమందికి పంపిస్తాం. ఆ గొంగడికి ఉన్నినిచ్చే జీవి వాసన మన పిల్ల గౌనుకు పట్టి ఇంటికొచ్చిన రోజున మాత్రం మనకు హఠాత్తుగా క్రిములు గుర్తొస్తాయి. మన సంస్కృతి ప్రేమకు వాసన ఉండకూడదు.

పసిబిడ్డ, ఆ బిడ్డను కనిపెట్టుకుని ఉండే వింత జంతువు, ఈ వ్యవహారం మనకు కొత్త కూడా కాదు. పంచతంత్రం ఐదో తంత్రంలో ముంగిస కథ అందరికీ తెలిసిందే. బ్రాహ్మడి ఇంట్లో బిడ్డతో పాటు ముంగిసనూ పెంచుతారు. తల్లికి దాని మీద మొదట్నుంచీ అనుమానమే. ఒకరోజు బిడ్డను చూడమని మొగుడికి చెప్పి నీళ్ళకు పోతుంది. ఆయన భిక్షకు పోతాడు. పాము వస్తుంది, ముంగిస దాన్ని చంపి నెత్తుటి మూతితో ఎదురొస్తుంది, తల్లి నీళ్ళకుండ దాని నెత్తిన వేసి చంపేస్తుంది. తొందరపాటు తగదని బడిలో చెప్పారు. బిడ్డను కన్నాక ఈ కథ గుర్తొస్తే నాకు లెక్క కనిపిస్తోంది. ఆ ఇంట్లో నీళ్ళు తేవాలి, తిండి తేవాలి, బిడ్డను చూడాలి. పనులు మూడు, మనుషులు ఇద్దరు. మూడో పని నోరులేని దాని మీద పడింది. నమ్మకం లేకుండానే దానిచేత పని చేయించుకున్నారు, పని పూర్తయ్యాక మూతి చూసి చంపారు. (ఇవాళైతే ముంగిసను పెంచినందుకు ముందు బ్రాహ్మడి మీద కేసయ్యేది, అది వేరే సంగతి.) మన ఆయాలతో, మన "పిల్లల్ని చూసే ఆమె"లతో మనకున్న ఏర్పాటు ఇంతకంటే పెద్ద తేడాగా ఉందా? నమ్మం, కెమెరా పెడతాం, కానీ తొమ్మిదింటికల్లా బిడ్డను చేతిలో పెట్టేసి పరిగెడతాం.

పరిగెత్తక తప్పదు కూడా. 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించి మొదటి ఇద్దరు పిల్లలకు సెలవు 26 వారాలు చేశారు. 50 మందో అంతకు మించో పనిచేసే చోట క్రెష్ ఉండాలన్నారు, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి చూసుకోవచ్చన్నారు. నేను పనిచేసే చోటికీ క్రెష్ ఉంది, ఊరికి ఆ చివర ఇంకో ఆఫీసులో. నాలుగుసార్లు వెళ్ళి రావాలంటే హెలికాప్టర్ కావాలి. బస్తీలో అంగన్‌వాడీ ఉంది. మూడేళ్ళు నిండితే అక్కడ కూర్చోబెట్టుకుని చదువు చెబుతారు. ఏడు నెలల నుంచి మూడేళ్ళ దాకా ఇంటికి బాలామృతం ఇస్తారు. ఆ వయసు పిల్లకి ప్రభుత్వం పొట్లం ఇస్తుంది, ఒడి ఇవ్వదు.

ఇంగ్లండులో ఉండే నా స్నేహితురాలు తన కొడుకుని ఒకావిడ ఇంట్లో వదులుతుంది. ఆ ఇంట్లో రెండు ఫెరెట్లున్నాయి, మన ముంగిసకి చుట్టాల్లా ఉంటాయి. అక్కడ ఇంట్లో పిల్లల్ని చూసుకోవాలంటే ఆఫ్‌స్టెడ్ దగ్గరో, దాని కింద ఉండే ఏజెన్సీ దగ్గరో నమోదు కావాలి, పసివాళ్ళ ప్రథమ చికిత్స నేర్చుకుని ఉండాలి. ఒక మనిషి దగ్గర ఎనిమిదేళ్ళలోపు వాళ్ళు ఆరుగురికి మించకూడదు, అందులో బడి వయసు రాని చిన్నవాళ్ళు మామూలుగా ముగ్గురే. ఫెరెట్లు ఏ గదిలో ఉంటాయో, తలుపు ఎవరు వేస్తారో ఆవిడ మొదటి రోజే కాగితం మీద రాసి ఇచ్చిందట. నా స్నేహితురాలు ఆ కాగితం చదివింది, ఆవిడ ఇంటి వాసన చూడలేదు. మన దగ్గర ఇంట్లో పిల్లల్ని చూసుకునే ఆడవాళ్ళను పట్టించుకునే దఫ్తరు లేదు, వాళ్ళకు శిక్షణ ఇచ్చే నాథుడు లేడు. అందుకే తనిఖీ అధికారి ఉద్యోగం తల్లి ముక్కుకి దక్కింది. ముక్కు ఏం నేర్చుకుందో అదే చెబుతుంది. మా అందరి ముక్కులూ ఒకే బడిలో చదివాయి.

నా ముక్కుతో సహా. ఇప్పటిదాకా నేనేదో తేలిగ్గా ఆ ఇల్లు ఎంచుకున్నట్టు రాశాను. కాదు. మొదటిసారి వెళ్ళొచ్చిన రాత్రి నాకూ మా ఆయనకూ గొడవైంది. ఆయన సరేనన్నాడు, వెనకాడింది నేను. మర్నాడు ఒక్కదాన్నే వెళ్ళి, నాకు చాలా న్యాయంగా తోచిన ఒక ప్రతిపాదన పెట్టాను. నెలకు ఆమె అడిగిన 7,000 బదులు 9,000 ఇస్తాను, పొట్టేలును ఊళ్ళో చుట్టాల దగ్గరికి పంపేయమన్నాను.

ఆమె బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు.

"నీ బిడ్డ పొద్దుగూకెవర్కు ఉండి పోతది. ఆడు ఈడ పుట్టిండు. ఇష్టముంటె తోల్కరా, లేకుంటె లేదు."

ఇగ్వానా ఆవిడను ఆ మాట అడగాలని నాకు తోచనే లేదు. అది ఆవిడ ఇల్లు, ఆవిడ ఇష్టం, నచ్చకపోతే మనం వెళ్ళం, అంతే కదా. ఇక్కడ మాత్రం రెండు వేలు పడేస్తే ఒకామె ఇల్లు నా ఇష్టప్రకారం సర్దుకుంటుందని అనుకున్నాను. ఆమె డబ్బు వద్దన్నందుకు గొప్పదని నేను అనను. డబ్బు అవసరమే ఆమెకి, దసరాకి ముందు అడ్వాన్సు అడిగింది. ఆమె చెప్పింది ఒక్కటే, ఇది ఇల్లు, నీ ఆఫీసు క్రెష్ కాదు. సోమవారం నుంచి పిల్లని తీసుకెళ్ళాను, 7,000కే.

నాలుగో నెలలో జరిగింది కూడా రాయాలి, రాయకపోతే ఇదంతా ప్రకటనలా ఉంటుంది. వాన పడుతున్న సాయంత్రం, నాకు ఫోన్లో మీటింగు నడుస్తోంది. పిల్లని తీసుకోవడానికి వెళ్ళి, ముందు వైపు నీళ్ళు నిలిచాయని దొడ్డి వైపు నుంచి లోపలికి వచ్చాను. అక్క పిల్ల సంచి సర్దుతోంది. నేను గుమ్మంలో నిలబడి చెవిలో ఎవరో చెప్పే మాటలకు అవునవును అంటున్నాను. వెనక నుంచి దబ్బుమని చప్పుడు, ఏడుపు. తిరిగి చూస్తే పిల్ల బురదలో బోర్లా పడి ఉంది, చిన్నోడు దాని మీద తల వంచి నిలబడ్డాడు. అక్క నాకంటే ముందు దూకి కొమ్ము పట్టి వెనక్కి లాగింది. పిల్లకి మోకాలు గీరుకుపోయింది, నుదుటి మీద బొప్పి. నేను అరిచాను. ఏమేం అరిచానో ఇక్కడ రాయలేను. కంపు అనే మాట ఉంది అందులో. ముందే పంపేయమన్నాను కదా అనేదీ ఉంది. ఆమె పిల్లని ఒళ్ళో వేసుకుని బురద కడుగుతూ, నా అరుపు ఆగేదాకా ఆగింది.

"తడికె గడియ ఎవలు తీసిండ్రు?"

దొడ్డి వైపు నుంచి వచ్చింది నేను. ఒక చేతిలో ఫోను, ఒక చేతిలో గొడుగు. గడియ వేయడానికి మూడో చెయ్యి లేదు.

ఆ రాత్రి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. గాయం కడిగి మందు రాశారు, టీకాల కార్డు చూసి సూది అక్కర్లేదన్నారు. ఆరో అంతస్తు ఆంటీకి తెల్లారేసరికి తెలిసిపోయింది. "నేను అప్పుడే అన్నాను" అన్నారు. గడియ సంగతి ఆవిడకు చెప్పాలనుకుని చెప్పలేదు. చెప్పకపోవడం ఎంత సుఖంగా ఉందో నాకు ఆ పూట తెలిసింది.

రెండు రోజులు సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాను. మూడో రోజు పొద్దున పిల్లని ఎత్తుకుని వెళ్ళాను. తడికకు పైన, నా భుజమంత ఎత్తులో, కొత్త ఇనుప గడియ ఉంది. క్షమించమని అడగడానికి మాటలు కూడగట్టుకుంటుంటే ఆమె పిల్లని అందుకుని, బొప్పి తడిమి చూసి, నా వైపు తిరిగింది.

"గడియకు మూడొందల యాభై అయింది. ఇయ్యి."

ఇచ్చాను.